సారమ్మ మందు సీసా

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. పైగా నేను మద్రాసులో రసాయన శాస్త్రం చదివినవాణ్ణి. ఇంత చదువూ ఒక మందు సీసా దగ్గర ఆగిపోయింది.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఓర్వకల్లు పక్క పల్లె మాది. మా చెల్లెలు సారమ్మకు చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ పోనిచ్చేవాళ్లం కాదు. కర్నూలు మిషను డిస్పెన్సరీలో బ్రోమైడు మందు మొదలుపెట్టాక ఎనిమిది నెలలు మూర్ఛ రాలేదు. ఒంటరిగా నీళ్లు తోడుకొచ్చిన రోజు ఆమె బిందెను ఊరంతా తిప్పి ఇంటికి తెచ్చింది.

సీసాకు గాట్లు కత్తిరించిన కాగితం అంటించి ఉండేది. పూటకు ఒక గాటు, రోజుకు రెండు పూటలు, భోజనం తర్వాత.

ఆ ఏడు వానలు లేవు. మా గుడిలో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. నేను సెలవులకు వచ్చి ఉన్నాను. పన్నెండు గాట్ల కొత్త సీసా చేతిలో పట్టుకుని సారమ్మ అడిగింది.

"అన్నా, ఈ మూడు దినాలు మందు తాగాల్నా, వద్దా?"

"అన్నం తిన్నాక అని రాసుండాది. అన్నమే లేనప్పుడు తిన్నాక యాడిది మ్మీ?" అన్నాను పరాచికానికి.

"మద్రాసు సదువంటే ఇదే" అని నవ్వి సీసా గూట్లో పెట్టేసింది.

మూడో రోజు సాయంత్రం, ముగింపు ప్రార్థనలో పడిపోయింది. ఒక మూర్ఛ తగ్గకముందే మరొకటి. బండి కట్టుకుని, మందు సీసా కూడా పట్టుకుని కర్నూలు చేరాం. కాంపౌండరు సీసా ఎత్తి చూశాడు.

"ఏమప్పా, నిండుగా ఉండాదే. తాపలేదా?"

"ఉపవాసం సార్."

"ఒక్క పూట గూడా తప్పగూడదు నాయనా. ఇన్ని గంజినీళ్లు పోసి తాపింటే సాలు గదా."

తెల్లవారేసరికి సారమ్మ లేదు. వాన కూడా రాలేదు.

సమాధి చేసి వచ్చాక రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. తిరిగి తెచ్చిన సీసా గూట్లో నిండుగానే ఉంది. మూడో రోజు అమ్మ బలవంతం మీద ఇంత సంగటి తిన్నాను. చెయ్యి కడుక్కుని చూస్తే మందు సరిగ్గా ఒక గాటు దిగింది.

అమ్మ పారబోసిందేమో అనుకున్నాను. "దాన్ని ముట్టుకోను గూడా చేతులు రాల్యా నాయనా" అంది.

బిరడాకు మైనం పోసి, దారం చుట్టి ముడివేశాను. రాత్రి తిన్నాక ఇంకొక గాటు. మైనం చెదరలేదు, ముడి వీడలేదు. మరునాడు పొద్దున కావాలనే పస్తున్నాను. దిగలేదు. ఎండకు ఆవిరయ్యే మందయితే నా భోజనం కోసం కాచుకోదు.

అలా అయిదు గాట్లు దిగి ఆగింది. మూడో సాయంత్రం పడిపోయేలోగా, నా మాట విని సారమ్మ మానేసినవి అయిదు పూటలే.

మిగిలిన ఏడు గాట్ల మందు ఈనాటికీ అలాగే ఉంది. ఎందుకు దాచుకున్నానో నాకు తెలియదు. పరాచికాలాడే అలవాటు మాత్రం పోలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆడను.