పంకజాక్షి వెదురు దడి

తిరుచానూరులో మా వీధి చివరి ఇల్లు పంకజాక్షిది. ఆమె భర్త తిరుమలయ్య ముప్పై ఏళ్లు కొండకు బస్సు నడిపాడు. ఆయన హారన్ కొడితే ఘాట్‌రోడ్డు మీది కోతులు వరసగా పక్కకు తప్పుకునేవనీ, వాటిలో ముసలిది నమస్కారం కూడా పెట్టేదనీ నేను మా మనవళ్లకు చెబుతుంటాను. కోతి సంగతి ఎలా ఉన్నా మనుషులు పెట్టడం మాత్రం నిజం. ఆయన ఎదురొస్తే సైకిలు దిగేవాళ్లను నేనే చూశాను.

రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చి ఆయన ఎడమ పక్క పడిపోయింది. రెండు పూటలా నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. ఇంట్లో నాలుగడుగులేస్తే గోడ. పెరట్లో చోటుంది. కానీ పెరటి గోడ అవతల మూడంతస్తుల లాడ్జి లేచింది. దర్శనానికి వచ్చినవాళ్లు బాల్కనీల్లో తువ్వాళ్లు ఆరేసుకుంటూ కిందికి చూస్తుంటారు. తిరుమలయ్య ఒకరోజు పెరట్లోకి వచ్చి, తలెత్తి చూసి, గడప పట్టుకుని లోపలికి పోయాడు.

"వాళ్లు అమ్మవారిని సూసేదానికి వచ్చినారా, నన్ను సూసేదానికి వచ్చినారా?" అన్నాడు.

"నిన్నెవురు సూస్తారయ్యా. వాళ్ల గుడ్డలు వాళ్లు సూసుకుంటా ఉండారు."

బయటికి కనపడేచోట నడవనని ఆయన భీష్మించుకున్నాడు. పాత గోడ మీద ఇంకో వరస కట్టడానికి పునాది తాళదని మేస్త్రీ చెప్పడంతో పంకజాక్షి నర్సరీ ఏబెల్ దగ్గరికి పోయింది.

"ముల్లు లేని వెదురు పెట్టుకోమ్మా. దుబ్బుగా ఉన్నచోటే పెరుగుతాది, పక్కోళ్ల జాగాలోకి పాకదు. నాలుగేండ్లు ఓపిక పట్టు. లాడ్జి కాదు గదా, కొండ గూడా కనపడదు" అన్నాడు ఏబెల్.

మూడడుగులకొకటి చొప్పున గోడ పొడుగునా పన్నెండు మొక్కలు నాటుతుంటే ఎదురింటి లోకేశ్వరి వచ్చి నిలబడింది.

"ఇంట్లో వెదురు పెడతారా ఎవురైనా? పాడె కట్టె గదా."

"మా కిరస్తానమోళ్లకు పెట్టె గదక్కా, పాడెతో పనిలేదు. నేను నాటతా, ఆయమ్మ నీళ్లు పోస్తాది. దోషమంతా నడిమధ్యలో పోతాది" అన్నాడు ఏబెల్ గుంత పూడుస్తూ.

పాకాల దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టిన పంకజాక్షికి మొక్కను బతికించడం ఒకరు నేర్పక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్లు పోసింది, పేడ వేసింది. వెదురు ఎదిగేవరకూ తాళ్ల మీద పాత చీరలు కట్టి, ఆ చాటున ఆయన్ను నడిపిస్తూ కాలం నెట్టింది. గాలికి చీర లేచినప్పుడల్లా తిరుమలయ్య లోపలికి పోయేవాడు. నాలుగో ఏడు వానలకు వెదురు నిజంగానే కమ్ముకుంది. ఆకుల మధ్య సందు లేదు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద వేసి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాడు. తర్వాత ఆమె భుజం కూడా అక్కర్లేకపోయింది.

ఈ నడక సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. కాలీడుస్తున్నానని ఒక్కరికి చెప్పినా ఆ రోజుతో మానేస్తానని ఆయన ఒట్టు పెట్టించుకున్నాడు. ఎవరు అడిగినా "మంచంలోనే ఉండాడు" అనేది పంకజాక్షి. నాకు కూడా చాలా తర్వాతే తెలిసింది.

ఇంతలో వీధిలో ఎవరో పోయారు. పాడెకు రెండు బొంగులు కావాలని వచ్చారు. చావింటికి అడిగిన కట్టె లేదనకూడదు, డబ్బు తీసుకోకూడదు. ఇచ్చింది. ఒకసారి ఇస్తే ఆ ఇల్లు పక్క వీధులకు కూడా తెలిసిపోతుంది. ఆ ఏడు ఆరుసార్లు వచ్చారు. వెదురులో ముదురు బొంగులు దుబ్బు నడుమ ఉంటాయి, కొత్తవి చుట్టూ లేస్తాయి. నడుమకు దూరి కొట్టే ఓపిక ఎవరికీ లేక, అంచున చేతికందిన రెండేళ్లవి కొట్టుకుపోయారు. దడికి కన్నాలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం లాడ్జి బాల్కనీలో కుర్రవాళ్లు ఫోన్లు పట్టుకుని నవ్వుతుంటే తిరుమలయ్య చూశాడు. వాళ్లు దేన్ని చూసి నవ్వారో ఆ దేవుడికే తెలియాలి. ఆయన ఎనిమిది నెలలు పెరట్లోకి రాలేదు.

ఏబెల్ వచ్చి దుబ్బులు చూశాడు. "ఈ ఏడు పిలకల మీద కత్తి పెట్టనీకమ్మా. పెడితే దుబ్బే పోతాది" అన్నాడు. వానలు పడ్డాయి. పిలకలు లాడ్జి రెండో అంతస్తు వరకు లేచి ఆకు విప్పాయి. ఎంతో బతిమాలితే తిరుమలయ్య మళ్లీ నడక మొదలుపెట్టాడు. మొదలుపెట్టి పది రోజులైంది.

ఆ పదో రోజు పొద్దున సుబ్బన్న పోయాడు. సుబ్బన్న ఇరవై ఏళ్లు తిరుమలయ్య బస్సులో కండక్టరు. ఆయన కొడుకు రవిచంద్ర కొడవలి పట్టుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, రెండు బొంగులు."

పంకజాక్షి వాకిలికి అడ్డంగా నిలబడింది. "ఈసారికి వద్దు నాయనా."

"నాయనకు పెద్దమ్మా."

"తెలుసు నాయనా. వద్దు."

రవిచంద్ర కొడవలితో అలాగే వెళ్లిపోయాడు. పాకాల రోడ్డులోని కట్టెల డిపో నుంచి ఆటోలో బొంగులు తెప్పించారు. "అందానికి పెంచుకుంటా ఉండాది మహాతల్లి" అంది లోకేశ్వరి చావింటి ముందర. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

చావింటి దగ్గర డప్పు పలకలు మోగాయి. తిరుమలయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎవురు?"

"సుబ్బన్న."

"మన బొంగులిచ్చినావా?"

ఆమె మంచం పక్కన చెంబు తీసుకుని వంటింటి వైపు తిరిగింది. ఆయనకు అర్థమైంది.

"నా కాలి కోసరమా?" అని మాత్రం అడిగాడు.

పంకజాక్షి వంటింట్లోకి పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మేమంతా చావింటి ముందు నిలబడి ఉంటే వీధి చివర నుంచి తిరుమలయ్య వస్తున్నాడు. ఎడమ కాలు మట్టిలో గీత గీస్తోంది. చంకలో రెండు పచ్చటి బొంగులు, వాటి కొనలు ఆకులతో సహా నేల మీద ఈడ్చుకొస్తున్నాయి. పలకలు ఆగిపోయాయి. నలభై ఇళ్ల దూరం. ఎవరూ ఎదురుపోలేదు. పోతే బాగుండదేమోనని ప్రతివాడూ పక్కవాడి వంక చూశాడు.

పాడె అప్పటికే కట్టేశారు. కట్టిన చిన్నబ్బ ఆ బొంగుల్లో ఒకదాన్ని అందుకుని మోకాలి మీద పెట్టి నొక్కాడు. అది వంగింది. ఒంటి చేత్తో ముదురుది తెగక, తిరుమలయ్య అంచున ఉన్న ఈ యేటి పిలకలే కొట్టుకొచ్చాడు.

"లేతది గదప్పా, మనిషిని మోయదు" అన్నాడు చిన్నబ్బ మెల్లగా.

"అట్నా" అన్నాడు తిరుమలయ్య.

"పెదనాయనా, కూసో. ఈ కాలుతో యాడికొచ్చినావు" అని రవిచంద్ర కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. సుబ్బన్న మొహం కూడా చూడకుండా వెనక్కి తిరిగాడు. ఆయన్ను వెతుక్కుంటూ వచ్చిన పంకజాక్షి ఆ రెండు బొంగులూ ఎత్తుకుని పదడుగుల వెనకగా నడిచింది.

ఆ రోజు తర్వాత ఆయన మంచం దిగలేదు. డాక్టరు వచ్చి కాలు పట్టి చూసి, మడమ బిగుసుకుపోయిందన్నాడు. ఇప్పుడు వీధిలో ఎవరు పోయినా పంకజాక్షే తలుపు తీసి కొడవలి చేతికిస్తుంది. ముదురువి లోపల ఉండాయి, దూరి కొట్టుకోండి అని చెప్పి, వాళ్లు కొట్టేంతవరకూ ఎండలో నిలబడి ఉంటుంది.