ఆకలిరేవు వాళ్ళ సెవెరీన

చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నేను చేరిన రోజు పొద్దున మేస్త్రీ హాజరు పిలుస్తున్నాడు. "సెవెరీన సుల్తెవీక్" అనగానే బల్ల ఆ చివర నుంచి ఎవరో ఆడమనిషి అంది:

"రొట్టెలు దాచుకోండే, ఆకలిరేవు వచ్చింది!"

అందరూ పగలబడి నవ్వారు. పిలిపించుకున్న ఆమె తలెత్తలేదు. చేప తల కోసి, పొట్ట చీల్చి, పేగులు తొట్లోకి ఊడ్చి, ఇంకో చేప అందుకుంది. నన్ను ఆమె పక్కనే నిలబెట్టారు. కాసేపటికి నా చేతికేసి చూసి, "కత్తి అలా పట్టుకుంటే సాయంత్రానికి వేళ్ళుండవు నీకు. ఇలా పట్టుకో" అంది. మా స్నేహం అక్కడ మొదలైంది. అప్పటికి నాకు పదహారేళ్ళు, ఆమెకు ఇరవై రెండు.

సుల్త అంటే ఆకలి, వీక్ అంటే రేవు. మా వైపు మాటలొచ్చిన పసిపిల్లకైనా అర్థమయ్యే పేరు అది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, మా ఫియోర్డుకు అవతలి ఒడ్డున, కొండ కింద ఇరుక్కుపోయిన చిన్న మలుపు ఆ రేవు. నవంబరులో పోయిన ఎండ మళ్ళీ ఫిబ్రవరి చివరికి గానీ అక్కడ పడదు. ఆ నేల బెర్గె కమతం వాళ్ళది. సెవెరీన ముత్తాత వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అక్కడ గుడిసె వేసుకున్నాడు. అందుకు బదులుగా కోతలకు, కట్టెలకు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళి బెర్గె వాళ్ళ పని చెయ్యాలి. బంగాళాదుంపలు, నాలుగు గొర్రెలు, ఒక ఆవు, వల వేస్తే పడిన చేపలు, అంతే వాళ్ళ సంసారం. పూర్వం ఒక చలికాలం అక్కడ ఒక తల్లీ కూతురూ తిండి లేక పోయారనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ బెర్గె ఇంట్లో చెప్పుకునేవారు. ఆ తల్లీ కూతుళ్ళ పేర్లేమిటో ఎవరికీ తెలియదు. అయినా ఎవరూ అనుమానపడలేదు.

వెనక మా వాళ్ళకు స్థిరమైన ఇంటిపేర్లు ఉండేవి కావు. తండ్రి పేరుకు 'కొడుకు' అని తగిలించుకునేవాళ్ళు, లేదా ఏ కమతంలో ఉంటే ఆ పేరుతో పిలిపించుకునేవాళ్ళు. ఇల్లు మారితే పేరూ మారేది. సెవెరీనకు పదిహేనేళ్ళప్పుడు కొత్త చట్టం వచ్చింది. ప్రతి కుటుంబానికీ ఒకే పేరు ఉండాలి, అదే పిల్లలకూ రావాలి అన్నారు. సెవెరీన తండ్రి సీవెర్ట్ ఆలోచించాడు. మూడు తరాలు బెర్గె వాళ్ళ పొలంలోనే నడుములు విరగ్గొట్టుకున్నారు కదా, బెర్గె అని రాయించుకుంటే పిల్లలకు మర్యాదగా ఉంటుందనుకున్నాడు. ఒక ఆదివారం చర్చి నుంచి బయటికొస్తూ, టోపీ చేతిలో పట్టుకుని, కమతం యజమాని రాస్ముస్ బెర్గెను ఆపాడు. పక్కన సెవెరీన, ఆమె అన్న ఇంగ్వాల్ద్ ఉన్నారు.

"అయ్యా, పేరు విషయం. మీకు అభ్యంతరం లేకపోతే మేమూ బెర్గె అని..."

రాస్ముస్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలా అన్నాడు:

"ఇన్నాళ్ళూ మా జావ తిన్నారు, చాల్లేదా సీవెర్ట్? ఇప్పుడు మా పేరు కూడా తింటారా?"

సీవెర్ట్ టోపీ పెట్టుకున్నాడు. తిన్నగా వెనక్కి చర్చిలోకి వెళ్ళి పాస్టరు గారి ముందు నిలబడి, "సుల్తెవీక్ అని రాయండి" అన్నాడు.

"బాగా ఆలోచించుకున్నావా? ఇక అది పిల్లలకు, వాళ్ళ పిల్లలకు కూడా ఉండిపోతుంది."

"ఉండనివ్వండి. ఆకలి మా సొంతం. దాన్ని మాది కాదనడానికి ఏ రాస్ముసూ రాడు."

పడవలో ఇంటికి వెళ్తుంటే తండ్రి తెడ్డు వేస్తూ ఏడ్చాడనీ, అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఆయన ఏడవడం చూడలేదనీ సెవెరీన నాతో చెప్పింది.

ఇంగ్వాల్ద్ ఆ పేరును ఎంతోకాలం మొయ్యలేదు. బెర్గెన్ పట్నంలో ఓడల కంపెనీలో గుమాస్తా పని దొరకగానే దరఖాస్తు పెట్టి సోల్వీక్ అని మార్చుకున్నాడు. అంటే ఎండరేవు. చెల్లెల్ని కూడా మార్చుకోమని చెప్పి పంపించాడు. నాన్న బతికుండగా ఆ పని చెయ్యనంది సెవెరీన. పైగా ఆమెకు ఆ అవసరం లేదనిపించింది. అప్పటికే మోన్స్ ఐదె ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నాడు.

మోన్స్ పడవలు కట్టే వడ్రంగి, పొట్టి మనిషి. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఈల వేసేవాడు. ఆ ఈల వినబడగానే బల్ల దగ్గర ఆడవాళ్ళు మొదలెట్టేవాళ్ళు.

"ఏమే సెవెరీనా, నీకు కావలసింది ఆ మనిషా, ఆ మనిషి ఇంటిపేరా?"

"రెండూనే. ఇంటిపేరు కాస్త ఎక్కువ."

"పొట్టివాడైనా పరవాలేదన్నమాట!"

"పేరు కూడా పొట్టిదేగా. సంతకం పెట్టడం తేలిక."

ఆమె అలా నవ్వుతూ మాట్లాడడం నేను చూసింది ఆ ఒక్క ఏడే. మిగతా వేళల్లో చేపలు కోస్తూ పెదవులు కదిలించేది. ఏమిటని అడిగితే సిగ్గుపడి, "సెవెరీన ఐదె, సెవెరీన ఐదె అనుకుంటున్నా" అంది.

ఆ శీతాకాలం మోన్స్ దగ్గులో రక్తం పడింది. కొండమీది క్షయ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పెళ్ళి వసంతానికి వాయిదా వేశారు. వసంతం రాకముందే అతను పోయాడు. అప్పటికి సెవెరీన కడుపు బయటికి కనిపిస్తోంది.

నన్ను తోడు తీసుకుని ఆమె మోన్స్ తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆ ముసలమ్మ మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"మావాడు పోయాడమ్మా. పోయినవాణ్ణి అడిగి ఏం తెలుసుకుంటాం?"

"అత్తయ్యా, మీకు తెలుసు కదా..."

"అత్తయ్యననకు. నీకు నేనేమీ కాను" అని తలుపు వేసింది.

చట్టప్రకారం బిడ్డకు తండ్రి పేరు ఇప్పించుకోవచ్చని మంత్రసాని చెప్పింది. కోర్టుకు వెళ్ళమని నేనూ పోరాను. "తలుపు పగలగొట్టి తెచ్చుకున్న పేరు పెట్టి వాణ్ణి ఎలా పిలవనే?" అంది సెవెరీన. ఆగస్టులో కొడుకు పుట్టాడు. అర్న్‌త్ సుల్తెవీక్ అని జ్ఞానస్నానం చేయించారు.

అర్న్‌త్‌ది తండ్రి పోలిక. పొట్టిగా, చురుగ్గా ఉండేవాడు, ఈల కూడా వేసేవాడు. బళ్ళో వాడి పేరు పట్టుకుని ఏడిపించినవాడి ముక్కు పగిలేది. సెవెరీన వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చేది. వాడికి పద్నాలుగేళ్ళు నిండి చర్చిలో విశ్వాస ప్రమాణం చేసే ఏడు, బతిమాలినట్టే అడిగింది:

"మామయ్యలా నువ్వూ మార్చుకోరా. తాతయ్య కూడా లేడు ఇప్పుడు, బాధపడడానికి."

వాడు దుంపలు తింటూనే అన్నాడు. "ఎందుకమ్మా? ఈ దేశం మొత్తంలో ఈ పేరు మనిద్దరికే ఉంది. రాజుగారిక్కూడా లేదు."

"ఉండకపోవడమే ఆయన అదృష్టం."

"నాకైతే నచ్చింది. నా పెళ్ళాం కూడా ఇదే పెట్టుకుంటుంది చూడు. ఒప్పుకోకపోతే చేసుకోను."

మర్నాడు ఫ్యాక్టరీలో ఈ మాటలు నాకు చెబుతూ సెవెరీన విసుక్కుంటున్నట్టు నటించింది. కానీ ఆ రోజు మేస్త్రీ పేరు పిలిచినప్పుడు ఆమె మొదటిసారి తలెత్తి "ఉన్నా" అంది.

ఇరవై ఏళ్ళు దాటాక అర్న్‌త్ సీల్ అనే సముద్రజంతువులను వేటాడే ఓడ ఎక్కాడు. గ్రీన్‌లాండ్ వైపు మంచుగడ్డల్లోకి మార్చిలో వెళ్తారు, మేలో వస్తారు. ఆ ఏడు ఏప్రిల్ మొదట్లో పెద్ద తుఫాను లేచింది. వాడి ఓడ నుంచి కబురు ఆగిపోయింది. వెతగ్గా వెతగ్గా ఒక పీపా మూత, విరిగిన తెడ్డు దొరికాయి. ఆశ వదులుకున్న రోజున గల్లంతైనవాళ్ళ పేర్లు రేడియోలో చదివారు. నేను సెవెరీన వంటింట్లోనే ఉన్నాను. చదివే ఆయనది రాజధాని యాస. ఒక్కో పేరూ నిదానంగా చదువుతూ వచ్చి, "అర్న్‌త్ సుల్..." అని ఆగాడు. ఇలాంటి పేరు ఉంటుందా అని సందేహం వచ్చిందేమో, కాగితం కదిలిన చప్పుడు వినబడింది. తరవాత ఆ పేరు మొదటి నుంచి మళ్ళీ చదివాడు.

సెవెరీన రేడియో కట్టేసింది. "రెండుసార్లు పిలిచారు వాణ్ణి. మిగతావాళ్ళని ఒక్కసారే" అంది. ఏడవలేదు. పొయ్యి మీది కాఫీ పొంగిపోతుంటే నేనే లేచి దించాను.

ఆ తరవాత ముప్పై ఏళ్ళలో చెప్పుకోవలసినవి ఎక్కువ లేవు. ఫ్యాక్టరీ మూతపడింది. ఆమె బడిలో నేలలు తుడిచే పనికి వెళ్ళింది. మోకాళ్ళు అరిగిపోయాక వృద్ధాశ్రమంలో చేర్చారు. ఎవరూ లేని ఆకలిరేవులో గుడిసె కప్పు కూలింది. రాస్ముస్ మనవడు ఆ చోటును బెర్గెన్‌లో ఉండే ఒక పళ్ళ డాక్టరుకు అమ్మేశాడు. ఆయన గోడలు లేపి, పెద్ద అద్దాల కిటికీలు పెట్టించి, వేసవి ఇల్లు చేసుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ డాక్టరు ఆశ్రమానికి వచ్చాడు. నేను చూడ్డానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. మనిషి మర్యాదస్తుడు. తన పేరు హాన్సెన్ అన్నాడు. చాక్లెట్ పెట్టె బల్ల మీద పెట్టాడు.

"మా వీధిలోనే హాన్సెన్లు ముగ్గురున్నారండీ. మా క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో సగం హాన్సెన్లే."

"అయితే ఏం? పళ్ళు తారుమారవుతాయా?" అంది సెవెరీన.

ఆయన నవ్వాడు. "అది కాదండీ. ఆ రేవంటే మా కుటుంబానికి ప్రాణం. ఆ పేరే మా ఇంటిపేరుగా పెట్టుకుందామని ఉంది. ఇంత అరుదైన పేరుకు, అది ఉన్నవాళ్ళ ఒప్పుదల కావాలట. కనుక్కుంటే, మీరొక్కరే ఉన్నారన్నారు."

"ఆ రేవుకు చలికాలంలో ఎప్పుడైనా వచ్చారా?"

"లేదండీ. జులైలో వస్తాం. అప్పుడెంత బావుంటుందో!"

సెవెరీన తలూపింది. ఆమె మెత్తబడిందనుకున్నాడు కాబోలు, ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీకు సంతోషం కలిగించే సంగతొకటి చెబుతాను. ఊళ్ళ పేర్లు పరిశోధించే ఒక ప్రొఫెసర్ని అడిగాను. ఆ పేరుకు ఆకలితో సంబంధమే లేదట! పాత భాషలో సిల్త అంటే ఉప్పునీళ్ళు ఎక్కే బురద ఒడ్డు. అసలు పేరు సిల్తెవీక్. ఎవరో రాసేవాళ్ళు ఒక్క అక్షరం పొరబడి సుల్త చేశారు."

సెవెరీన చేతిలోని కప్పు కింద పెట్టింది.

"బురదా?"

"అవునండీ. బురదరేవు. ఇన్నాళ్ళూ మీవాళ్ళు అనవసరంగా..." ఆయన మాట పూర్తి చెయ్యలేదు.

ఆమె మామూలుగానే అంది:

"నిజమే అయ్యుంటుంది. అక్కడ బురద ఉండేది. ఆటుకు నీళ్ళు తీసినప్పుడు గొర్రెలు దిగబడేవి. కానీ మా అమ్మ మాకు జావ పోసేసి, గిన్నె కడిగిన నీళ్ళు తాగి పడుకునేది డాక్టరు గారూ. దాన్ని మీ ప్రొఫెసరు గారు ఏమంటారు?"

ఆయన మొహం ఎర్రబడింది. "క్షమించండి. మిమ్మల్ని నొప్పించాలని కాదు. పోనీ, ఆ ఒప్పుదల..."

"వద్దండీ."

"మీ తరవాత ఆ పేరు ఎలాగూ ఎవరికీ..."

"నేనొక్కదాన్నే అని చెప్పారు మీకు. పొరబాటు. మావాడున్నాడు. వాడి శవం దొరకలేదు."

డాక్టరు నాకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను. ఆయన లేచి, ఇద్దరికీ దణ్ణం పెట్టినట్టు తల వంచి వెళ్ళిపోయాడు. చాక్లెట్లు పనివాళ్ళకు పంచిపెట్టమంది సెవెరీన.

ఆ తరవాత ఆమె పూర్వంలా లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో "బురదట హెర్దిస్" అనేది నాతో. ఒకరోజు ఇంగ్వాల్ద్‌కు ఫోన్ చెయ్యమంటే నేనే నంబరు తిప్పి ఇచ్చాను. ఇద్దరికీ చెవుడు. ఆమె అరిచి చెప్పింది:

"అన్నయ్యా, అది ఆకలి కాదట! ఒక అక్షరం తప్పట! మనది బురదరేవట!"

అవతల నుంచి ఆయన గొంతు నాక్కూడా వినబడింది.

"ఇప్పుడెందుకే చెప్పావు ఈ మాట?"

ఆయనే ముందు పెట్టేశాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అదే ఆఖరు.

మరుసటి ఫిబ్రవరిలో సెవెరీన పోయింది. ఇక ఆ పేరున్నవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి డాక్టరు గారికి ఎవరి ఒప్పుదలా అక్కరలేకపోయింది. ప్రొఫెసరు చెప్పిన ప్రకారం సిల్తెవీక్ అని తీసుకున్నారు. చెడ్డవాళ్ళు కారు. జులైలో వాళ్ళ పిల్లలు ఐస్‌క్రీం కొనుక్కోవడానికి మా ఊరి కొట్టుకు వస్తారు. "చిన్న సిల్తెవీక్ గారూ, ఏ రంగు కావాలి?" అని కొట్టువాడు సరదాగా అడుగుతాడు. ఆ పేరు విని ఎవరూ నవ్వరు.

సమాధి రాయి సంగతి నేనే చూశాను. ఆమె పేరు కింద అర్న్‌త్ పేరు కూడా వెయ్యమన్నాను. రాయి చెక్కే కుర్రవాడు నేనిచ్చిన చీటీ చూసి అడిగాడు:

"అమ్మమ్మా, ఇక్కడ సుల్త అని రాశారు. సిల్త కదా? రేవు దగ్గర బోర్డు మీద అలాగే ఉందే."

"సుల్తే."

"తప్పు కదా మరి?"

"తప్పేలే బాబూ. అలాగే చెక్కు."

మంచు కరిగి నేల మెత్తబడ్డాక రాయి నిలబెట్టారు. ఇంగ్వాల్ద్ కూతురు వస్తానంది గానీ రాలేదు. వాన పడుతోంది. నేను కాసేపు నిలబడి, బస్సు వేళయిందని వచ్చేశాను.