బాపు నడకతో కట్టిన దారి

గోడ గీయడం మాకు నిషేధం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హైదరాబాద్‌లో నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నప్పుడు, మా సారుకు యానిమేషన్ పిచ్చి పట్టింది. ముందు కంప్యూటర్‌లో ఒక మనిషిని నడిపించాలట. ఆ కదలిక ఎటు తోస్తే అటు గోడ జరుగుతుందట. అలా పుట్టిందే అసలు భవనమట. నాకు ఒళ్లు మండింది. కానీ మార్కులు వేసేది ఆయనే.

నడిపించడానికి మా నాన్నను, బాపును, ఎంచుకున్నాను. ఆయన బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కార్మికుడు. చెరుకు ఆడినన్నాళ్లే పని, ఏటా మళ్లీ పిలిస్తేనే జీతం. దసరా సెలవుల్లో మా ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే ఒక అన్న దగ్గర కెమెరా అడిగి తెచ్చి, మా వాడకట్టు రోడ్డు మీద ఆయన్ను నడవమన్నాను.

"నేనేమన్న హీరోనా బిడ్డా? జల్ది తియ్యి," అంటూనే నడిచాడు.

కాలేజీకి తిరిగొచ్చి, ఆ వీడియోను ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆపి, కాలు, చెయ్యి, భుజం ఎక్కడున్నాయో కంప్యూటర్‌లో గుర్తులు పెట్టాను. తెర మీద బొమ్మ మనిషి నడిచాడు. అతని చుట్టూ ఇరుకైన దారి ఒకటి తయారైంది. ఎడమ గోడ చెయ్యి ఊగిన చోటల్లా ఉబ్బి, అలలు తేలింది. కుడి గోడ మాత్రం నున్నగా, మనిషి పక్కకు అంటుకుపోయినట్టు నిలబడింది. సారు మురిసిపోయాడు.

"ఒకవైపు ఊపిరి, ఒకవైపు ఒత్తిడి! ఎట్లా తట్టిందమ్మా నీకు?"

నాకేమీ తట్టలేదు. గుర్తులు తప్పు పెట్టానేమోనని వీడియో మళ్లీ వేశాను. తప్పు లేదు. ఎడమ చెయ్యి ఊగుతోంది, కుడి చెయ్యి ఊగడం లేదు. కుడి కాలు నేలను కొంచెం గీరుతోంది. ఇంట్లో వాళ్లు రోజూ చూసే నడకే, ఎవరికీ కనబడలేదు. నాకు భయం వేసింది. సారు మెచ్చుకున్న ఆ గోడను ఇక చూడలేక కంప్యూటర్ కట్టేశాను.

ఆ వారమే ఊరి బస్సెక్కాను. ఫ్యాక్టరీ దారిలో చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. చెరుకు మడ్డి, అదే మొలాసిస్, వాసన బస్సులోకి గుప్పున కొట్టింది. సీజన్ మొదలైందన్నమాట. ఇంట్లో బాపు డ్యూటీకి తయారవుతున్నాడు. ఎడమ చేత్తోనే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"బాపూ, కుడి చెయ్యి ఊపుతలేవేంది?" అని మెల్లగా అడిగాను.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకనే బిడ్డా. ఎండకాలం సంది గిట్లనే ఉన్నది."

"దవాఖానకు పోదాం, నడువు."

"సీజన్ అయిపోనీ, పోదాం. గిప్పుడు ఎరుకైతే పనిలకెల్లి తీసేస్తరు. మల్ల పిలువరు." అమ్మ ఉన్న వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "గా బొమ్మ మీ కాలేజోళ్లకు గాక ఎవ్వలకన్న సూపెట్టినవా?"

లేదన్నాను.

"సూపెట్టకు."

ఫ్యాక్టరీ సైరన్ కూసింది. బాపు కుడి చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని బయలుదేరాడు. వెనక నుంచి చూసేవాళ్లకు దర్జాగా పోతున్న మనిషే. ఆయన డ్యూటీ పైన, రసం మరిగించే చోట. అక్కడికి ఇనప నిచ్చెన ఎక్కి పోవాలి. దానికి రెండు చేతులూ కావాలి.