వాగు ఒడ్డున ఆగిన కథ

మా ఒగ్గు తాత పోయాడని అమ్మ ఫోన్ చేసేసరికి నేను కాలేజీకి వెళ్లే భూపాలపల్లి బస్సులో ఉన్నాను. "చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నడు బిడ్డా. అవ్వ గలాసు తీసుకపోదామని వచ్చేసరికి పానం లేదు" అన్నది. తర్వాతి స్టాపులో దిగి, ఎదురుగా వస్తున్న ఆటోను ఆపి వెనక్కి బయలుదేరాను. దారంతా తాత ముఖం గుర్తు చేసుకోవాలని చూశాను. కానీ కళ్ల ముందుకు వచ్చింది తాత కాదు, ఒక పిల్ల. వానలో తడుస్తూ వాగు ఒడ్డున నిలబడి ఉంది. ఆమెను అక్కడి నుంచి కదిలించగలిగే మనిషి ఇక లేడు.

ఆ పిల్ల తాత చెప్పే కథలోది.

తాత మాకు చుట్టం కాదు. ఘనపూర్ మండలంలో మా వాడలో మాకు ఎదురిల్లు. డోలు, తాళాల మధ్య నిలబడి, పొద్దుగూకిన తర్వాత మొదలుపెట్టి తెల్లారేదాకా ఒగ్గు కథ చెప్పడం వాళ్ల ఇంటి విద్య. ఊళ్లలో కథ చెప్పించుకునేవాళ్లు తగ్గిపోయిన కాలంలో చెరువు పక్కన రిసార్టు వచ్చింది. మా అమ్మ అందులో వంట చేస్తుంది. కోటగుళ్లు చూడడానికి వచ్చినవాళ్లు పొద్దున శిల్పాలు చూసి, మధ్యాహ్నం పడవ ఎక్కి, సాయంత్రం పచ్చికలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. పడవకూ భోజనానికీ మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ. ప్రతి శనివారం ఆ ఇరవై నిమిషాలు తాతవి.

మిగతా కళాకారులు ఆ కాస్త సమయానికి సరిపడా ఓ పాట పాడి, నాలుగు అడుగులు వేసి వెళ్లిపోయేవారు. తాత మాత్రం పెద్ద కథే ఎత్తుకున్నాడు. గొర్రెల కాపరుల ఇంట్లో అందరికంటే చిన్న చెల్లెలు. గాలివానకు అన్నల మంద చెదిరిపోతే, కొంగున సద్ది కట్టుకుని ఊరూరా అడుగుతూ వెతకడానికి బయలుదేరింది. తాత ఈ వారం ఎక్కడ ఆపితే వచ్చే శనివారం అక్కడి నుంచే అందుకునేవాడు. వినేవాళ్లు మాత్రం ప్రతివారం కొత్తవాళ్లే.

మేనేజరు సారుకు ఇది మింగుడుపడలేదు. ఆయనది గోదావరి జిల్లాల వైపు.

"ఏంటి తాతా ఇది? వాళ్లకి మొదలూ తెలీదు, చివరా తెలీదు. చిన్న కథేదైనా పూర్తిగా చెప్పెయ్యొచ్చు కదా!"

"చిన్న కథలు నాకు రావు సారూ."

"మరి ముక్కలు ముక్కలుగా వింటే గెస్టులకి ఏం అర్థమవుద్ది?"

"పొద్దుగాల గుళ్లె ఏం జూసిండ్రు? చేతులు లేని బొమ్మలు, తలకాయలు లేని బొమ్మలు. ఎంత సక్కగున్నయని ఫోటువలు దిగలేదా? నా కథ గూడ గంతే అనుకోండ్రి."

కుర్చీలు సర్దుతున్నవాళ్లంతా నవ్వారు. సారు కూడా నవ్వాడు. తర్వాత రోజుల్లో సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు ఆయనే అమ్మకు ఫోన్ చేసి, "ఆ పిల్ల ఎందాకా వచ్చిందమ్మా?" అని అడిగేవాడు.

కథ మొదలుపెట్టే ముందు తాత అందరి నుదుటా పసుపు బండారి పెట్టేవాడు. పెడుతూ, "మీది ఏ ఊరు నాయినా?" అనేవాడు. అది ఊరికే అడిగిన మాట కాదు. ఆ రోజు పిల్ల మందను వెతుకుతూ వెళ్లేది వాళ్ల ఊరికే. జఫర్‌గఢ్ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు "మా ఊళ్లె ఖిల్లా ఉన్నది తాతా" అన్నాడు. ఆ సాయంత్రం పిల్ల ఆ ఖిల్లా ఎక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూసింది.

"కనవడ్డయా?" అని వాడు కుర్చీ మీద నిలబడి అరిచాడు.

"యాడ కనవడుతయి? మీ ఊరి పొలాలు ఎంత పచ్చగున్నయో! నా కండ్లు గా పచ్చలనే ఇర్కపాయె" అన్నాడు తాత, తువ్వాలు తలమీదికి లాక్కుని, ఆడపిల్ల గొంతుతో. తువ్వాలు తలమీదికి వచ్చిందంటే తాత ఆ పిల్ల అయిపోయేవాడు. తెల్లమీసం ఉన్నచోటే ఉండేది, మాకు కనిపించేది కాదు.

ఇన్ని శనివారాల్లో తాత ఒక పద్ధతి తప్పలేదు. సమయం అయిపోవస్తున్నదని మేనేజరు సారు చెయ్యి ఊపగానే, పిల్ల ఏ అడవిలో ఉన్నా ఏ గుట్ట మీద ఉన్నా, ఆమెను ఎవరో ఒకరి గడపకు చేర్చేవాడు. కాళ్లకు నీళ్లిప్పించి, అన్నం పెట్టించి, గొంగడి పరిపించి పడుకోబెట్టేవాడు. తాళాలు అప్పుడే ఆగేవి. ఎందుకలా అని అడిగితే నావైపు వింతగా చూశాడు.

"మల్ల వారం దాక పిల్లను తొవ్వల నిలవెట్టి పోదునా? కథలదైతేంది, పిల్ల పిల్లనే గద బిడ్డా."

జనగామ నుంచి ఒక ముస్లిం కుటుంబం వచ్చిన శనివారం నాకు బాగా గుర్తు. తాత ఆ రోజు పిల్లను జనగామ రైలు పట్టాలు దాటించి, ఒక ఇంటి ముందు నిలబెట్టి, కాస్త ఊపిరి తీసుకుంటున్నాడు. వాళ్ల నానీ, ముసలి అమ్మమ్మ, ఆగలేకపోయింది. "అరే, బచ్చీకు ఖానా ఖిలాయే కీ నై?" అన్నది గట్టిగా, పిల్లకు అన్నం పెట్టారా లేదా అని.

"ఖిలాయా అమ్మీ! మీ ఇంట్లనే ఖిలాయా. బగారన్నం" అన్నాడు తాత తడుముకోకుండా.

ఆ ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. వెళ్లేటప్పుడు, ఆ పిల్ల మళ్లీ అటువైపు వస్తే ఇంకెవరింటికీ కాదు, తమ ఇంటికే పంపాలని తాతతో మరీ మరీ చెప్పి కారెక్కింది.

కొత్తగా వచ్చినవాళ్లకు వెనకటి కథ తెలియాలి కదా. ఆ పని తాత నాకు అప్పజెప్పాడు. "నువ్వు కాలేజీ పోరివి. నాలుగు ముక్కలల్ల చెప్పు, ఆడికెల్లి నేను అందుకుంట." మొదటి వారం నేను రాసుకుని, బట్టీ పట్టి వెళ్లాను. 'విధివశాత్తు', 'నిస్సహాయురాలై' లాంటి మాటలు ఎన్ని తెలిస్తే అన్నీ పెట్టాను. తాత తమ్ముడి కొడుకు, మేము డోలు కాక అని పిలిచే ఆయన, డోలు మీద తల వాల్చి నవ్వాడు. తాత నవ్వలేదు.

"మంచిగున్నది బిడ్డా. కని గా పిల్లకు కాళ్లు నొస్తున్నయి. గది చెప్పకపోతివి" అన్నాడు.

అప్పటి నుంచి ఏది రాయడానికి కూర్చున్నా ముందు ఆ కాళ్ల నొప్పి గుర్తుకొస్తుంది. ఇంకోసారి, పిల్ల ఒంటరిగా అడవి దాటే చోట 'వెన్నెల ఆమె ముందు నడిచింది' అన్నాను. మరుసటి శనివారం తాత నన్ను పక్కకు పిలిచాడు. "పోయిన వారం ఎన్నెల ముంగట నడిసిందంటివి సూడు, గా మాట నాకిస్తవా? పాటల వెట్టుకుంట" అన్నాడు, ఎదురింట్లో పెరుగు తోడు అడిగినంత మామూలుగా. ఆయన దాన్ని రాగం తీసి పాడితే అది నా మాటని నాకే అనిపించలేదు. ఎప్పటి నుంచో ఆ పాటలోనే ఉన్నట్టు అనిపించింది.

మంద దొరుకుతుందా లేదా అని నేను అడగని వారం లేదు.

"తాతా, నాకొక్కదానికి చెప్పరాదు."

"నాకే తెల్వదే. దొరికిననాడు అందరికంటే ముందుగాల నీకే చెప్తగని, పో."

చివరి శనివారం ముందు వరసలో మహబూబాబాద్ నుంచి వచ్చిన కొత్త దంపతులు కూర్చున్నారు. పిల్ల వాళ్ల ఊరి దారిలో ఒక వాగు దగ్గరికి వచ్చింది. వాగు నిండుగా పారుతున్నది. నిజంగానే చినుకులు మొదలయ్యాయి. తాత సంబరపడి, "సూడుండ్రి, మీ కోసం వానను గూడ పిలిపిచ్చిన" అన్నాడు. అంతలో గాలి లేచింది. కుర్చీలు దొర్లాయి, కరెంటు పోయింది, అందరూ తలమీద చేతులు పెట్టుకుని భోజనాల షెడ్డు వైపు పరుగెత్తారు. తాత మాత్రం పచ్చికలో నిలబడి, "ఒక్క నిమిషం నాయినా! పిల్లను గడప ఎక్కియ్యనియ్యిండ్రి, ఒక్కటే నిమిషం" అని పిలుస్తూనే ఉన్నాడు. డోలు కాక ఒక చేత్తో డోలు, ఇంకో చేత్తో తాతను పట్టుకుని లాక్కొచ్చాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో తాత తడిసిన తువ్వాలు పిండుకుంటూ వెనక్కే చూశాడు.

"ఒడ్డుకే ఉన్నదే" అన్నాడు.

"వచ్చే వారం దాటిద్దాం తాతా."

"ఊఁ. బండారి వెట్టకముందే దాటియ్యాలె."

ఆ శనివారం తాతకు రాలేదు.

దినాల నాడు వాడంతా తాత ఇంటికి వచ్చింది. మేనేజరు సారు కూడా వచ్చి అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. భోజనాలయ్యాయి. అందరూ తాత గురించి ఏదో ఒకటి చెప్పుకుంటున్నారు గానీ, కథ మాట ఎవరూ ఎత్తలేదు. తాత భార్య, మా అవ్వ, రిసార్టుకు ఒక్కసారీ రాలేదు. "ఇంట్ల ఇన్నది సాలదా" అనేది. ఆమె ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"బిడ్డా, గా పిల్లను ముసలోడు యాడ ఇడిసిపెట్టిండు?"

అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

"వాగు ఒడ్డున అవ్వా. వానల."

"వానలనా?" అవ్వ డోలు కాక మీద కస్సుమన్నది. "నువ్వుండి గూడ గట్లెట్ల ఇడిసిండ్రురా?"

"ఆగమాగం అయిపాయె పెద్దమ్మా."

"సాలు గని, డోలు తియ్యి." మళ్లీ నావైపు చూసింది. "వాగు దాటియ్యి బిడ్డా."

"నాకు రాదవ్వా. నేను ఎనుకటి ముచ్చటే చెప్తుంటి. ముంగటిది తాతకే ఎరుక."

"నిన్ను మంద దొరకవట్టుమన్ననా? మనింటిదాక తోల్కరమ్మంటున్న."

డోలు కాక వేళ్లతోనే మెల్లగా వాయించాడు. నేను లేచి నిలబడ్డాను. వాన తగ్గిందని చెప్పాను. వాగు మోకాళ్ల దాకా దిగిందని, పిల్ల కొంగు నడుముకు చుట్టుకుని నీళ్లలో అడుగు పెట్టిందని చెప్పాను. ఆమె కాళ్లు ఎంత నొస్తున్నాయో చెప్పాను. గట్టెక్కింది, కోటగుళ్లు దాటింది, చెరువు కట్ట వెంబడి నడిచింది, మా వాడలోకి మళ్లింది. "మెట్లెక్కుతున్నది" అనగానే, మెట్టు మీద కూర్చున్న మేనేజరు సారు కాళ్లు ముడుచుకుని పక్కకు జరిగాడు.

అవ్వ లోపలికి వెళ్లి తాత గొంగడి తెచ్చింది. రెండుసార్లు దులిపి అరుగు మీద పరిచింది. పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. డోలు ఆగింది.

మంద ఇంకా దొరకలేదు. ఎక్కడ దొరుకుతుందో మాలో ఎవరికీ తెలియదు.

మరునాడు తెల్లవారి వాకిలి ఊడ్వడానికి బయటికి వచ్చి ఎదురింటి వైపు చూశాను. అరుగు మీద గొంగడి పరిచింది పరిచినట్టే ఉంది. దాని మీద పిల్లకు చోటు అలాగే విడిచిపెట్టి, పక్కన ఉత్త గచ్చు మీద, గొంగడి అంచు మీద చెయ్యి వేసుకుని అవ్వ నిద్రపోతున్నది.