కృష్ణ మూర్తిగారూ, గ్లాసుడు నీళ్ళూ

కృష్ణ మూర్తిగారి ముందు గ్లాసుడు నీళ్ళు పెట్టడం ఎంత ప్రమాదమో ఈ పరాయిదేశంలో, నేవన్ అనే ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన సాహితికి తెలియదు. ఇంటికొచ్చిన పెద్దమనిషికి మంచినీళ్ళివ్వడం మర్యాద కదా అని ఇచ్చింది. ఆయన తాగలేదు. గ్లాసును కిటికీ వైపు ఎత్తి, పెళ్ళికూతుర్ని చూసినంత శ్రద్ధగా చూసి, "ఇదేమిటో తెలుసా అమ్మా?" అన్నారు.

"నీళ్ళు అంకుల్."

"అందరూ అదే అంటారు," అని నిట్టూర్చి, సోఫాలో సర్దుకుని కూర్చున్నారు.

ఒక్కో నీటి అణువూ పక్కదాని చెయ్యి పట్టుకుంటుందట. గట్టిగా కాదు. పట్టుకుని, వెంటనే వదిలేసి, ఇంకోదాన్ని పట్టుకుంటుందట. ఆ పట్టే గనక లేకపోతే గ్లాసులోవి ఈపాటికి ఆవిరైపోయి పైకప్పును అంటుకునేవి, భూమ్మీద సముద్రాలుండేవి కావు, చెట్టూ చేమా ఉండేవి కావు, సాహితి ఉండేది కాదు, సాహితి అత్తగారూ ఉండేవారు కాదు. ఈ చివరి మాటకి సాహితి కాస్త ఆసక్తిగా ముందుకు జరిగింది గాని, ఆయన అప్పటికే అత్తగారిని దాటేసి చెట్ల వేళ్ళలోకి వెళ్ళిపోయారు. నలభై నిమిషాల తర్వాత కూడా ఆ అమ్మాయికి ఒక్క ముక్క తేలలేదు. తమ ఇంటి నీళ్ళు మంచివన్నారా, చెడ్డవన్నారా?

"అయ్యో, ఇందాక ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది అంకుల్, వేరేది కలుపుతాను."

కృష్ణ మూర్తిగారు కప్పు పట్టుకుని చూసి, మొహం ఇంత చేసుకున్నారు. "ఎక్కడ చల్లారిందమ్మా? ఇంకా గోరువెచ్చగానే ఉంది! నీళ్ళు వేడిని ఒక పట్టాన తీసుకోవు, తీసుకుంటే ఒక పట్టాన వదలవు. మనకి చుట్టూ సముద్రం ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఈ దేశంలో చలికి బిగుసుకుపోయేవాళ్ళం," అని ఆ కాఫీని ఆనందంగా తాగి వెళ్ళారు.

ఆయన చాలా దూరాన ఉన్న రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీలో నీటిశుద్ధి చూసేవారు. సోమవారం తెల్లవారుతూనే కారులో బయల్దేరి, గురువారం సాయంత్రానికి నేవన్ చేరేవారు. మిగిలిన మూడు రోజులూ మాకు కేటాయించారని ఊళ్ళో వాళ్ళ బాధ. ఆయన భార్య రమాదేవిగారికి మాత్రం బాధ ఎప్పుడో పోయింది.

"పెళ్ళిచూపుల్లో ఈయన నన్ను పాడమన్లేదు, చదువెంతని అడగలేదు. మీ ఊరి నీళ్ళలో కందిపప్పు ఎంతసేపటికి ఉడుకుతుందండీ అన్నారు. పావుగంట అన్నాను. అంతే, ముహూర్తం పెట్టించేశారు," అని ఆవిడ నవ్వుతూ చెప్పేవారు.

ఆ ప్రశ్నలో విషయం లేకపోలేదని సాహితికి తర్వాత తెలిసింది. నేవన్‌లో కాపురం పెట్టిన మొదటి నెలంతా తన కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా పప్పు గులకరాళ్ళే. షాపువాడు పాత సరుకు అంటగట్టాడని తిడుతుంటే కృష్ణ మూర్తిగారు విని, పప్పు తరఫున వాదించారు. "పప్పుననకమ్మా పాపం. ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళ గుణమే అది, దారిలో ఏ రాయి తగిలితే దాన్ని కరిగించి వెంట తెచ్చుకుంటాయి. ఆ సున్నం పప్పు గింజ గోడల్ని బిగించేస్తుంది. ఫిల్టరు జగ్గులో వడకట్టి పొయ్." పోసింది. పప్పు వెన్నలా ఉడికింది. అయితే ఆ రెండు ముక్కలతో ఆయన ఆపలేదని, మన నెత్తురూ అదే పద్ధతిలో ఉప్పుల్ని మోస్తుందంటూ రాత్రి భోజనాల దాకా చెప్పారని వేరే చెప్పనక్కర్లేదు.

ఒకసారి మోటార్‌వే మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఈయన కారు ఆపారట. ఏమైనా తాగారా అని అడిగితే "నీళ్ళు" అన్నారట. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ నష్టం లేకపోయేది. పావుగంట తర్వాత ఆ గార్డు "గ్రాండ్, గ్రాండ్, ప్లీజ్ గో హోమ్" అంటూ తనే కారు తలుపు వేశాడని చెప్పుకుంటారు.

ఇవన్నీ ఒక ఎత్తు, కిందటేడు ఉగాది ఒక ఎత్తు. పెద్దవారు కదా అని ఆయన చేత పంచాంగం చదివించారు. రాజు, మంత్రి, సేనాధిపతి దాకా చక్కగా చదివారు. "ఈ సంవత్సరం వర్షములు" అన్న దగ్గరికి వచ్చారు. ఇంక వెనక్కి రాలేదు. మబ్బులో చినుకు ఎలా కడుతుందో, కింద పడేదాకా గుండ్రంగా ఎందుకుంటుందో యాభై నిమిషాలు చెప్పారు. పులిహోర చల్లారిపోయింది. మేషరాశి మొదలు మీనరాశి దాకా ఒక్కరికీ తమ రాజపూజ్యమెంతో అవమానమెంతో తెలియకుండానే ఏడాది గడిచిపోయింది.

అందుకే ఈ ఏడు ప్రోగ్రాం బాధ్యత సాహితి మీద పెట్టినప్పుడు తెలుగు సంఘం అధ్యక్షుడు మల్లేశ్ ఒక్కటే కోరాడు. "అక్కా, నీకు దండం బెడ్త. ఇంకేమన్న గానీ, అంకుల్ చేతిల మైకు పడొద్దు. హాలు అయిదింటిదాంకనే మనది. గడియారం అయిదు కొట్టంగనే ఆ కేర్‌టేకర్ లైట్లు బంద్ జేస్తడు."

సాహితికి చెప్పనక్కర్లేదు. చిట్టచివరి అంశం తొమ్మిదేళ్ళ కూతురు చరిత నాట్యం. కాకినాడలో ఉన్న టీచరుగారి దగ్గర స్కైప్‌లో నేర్చుకున్న ఆరు నిమిషాల పాట. కాని సాహితి గుబులు నాట్యం గురించి కాదు. డిసెంబరులో బడి నాటకంలో చరితకి ఒకే ఒక్క వాక్యం ఇచ్చారు. పిల్ల స్టేజీ మీదికొచ్చి, జనాన్ని చూసి, వెనక్కి తిరిగి నడుచుకుంటూ కారు పార్కులోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ క్లాసులో నిలబడి పాఠం చదవమన్నా నోరు విప్పడం లేదు. ఈసారి కూడా వెనక్కి తిరిగిందంటే ఇంకెప్పటికీ నలుగురిలో నిలబడలేదని తల్లి భయం. ఆ భయం మనసులో పెట్టుకుని వారం రోజులుగా సాహితి లెపర్డ్స్‌టౌన్ ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేరు టెస్ట్ చేస్తోందో తనకే తెలియలేదు.

ఉగాదినాడు బయట మంచు పడుతోంది. లోపల అన్నీ చిత్రంగా వేళకే నడిచాయి. నాలుగుంపావుకి పిల్లల పద్యాలైపోయాయి. సాహితి మైకు తీసుకుని, "ఇప్పుడు చివరగా, చిరంజీవి చరిత..." అందో లేదో, తెర పక్కనుంచి చరితకి బదులు కృష్ణ మూర్తిగారు వచ్చారు. సాహితి చేతిలోంచి మైకు తీసుకుని, "ఒక్క నిమిషమమ్మా," అన్నారు.

హాల్లో ఒక మూలుగు వినిపించింది. ముందు వరసలో మల్లేశ్ తల పట్టుకున్నాడు.

"ఈ రోజు మంచు పడుతోంది కదా," అని మొదలెట్టారాయన. "మన ఊరి బోయిన్ నది పైన గడ్డకట్టినా అడుగున చేపలు ఎందుకు చావవు? నీళ్ళు గడ్డకట్టేటప్పుడు అణువులు చేతులు చాపుకుని ఎడంగా నిలబడతాయి. అందుకని మంచు తేలిక. అందుకని మంచు మునుగుతుంది..."

"తేలుతుంది అంకుల్!" అని అరిచారెవరో.

"ఆఁ, తేలుతుంది."

సాహితి తెల్లబోయింది. తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఈ ఒక్క మనిషి నీళ్ళ విషయంలో తప్పు మాట్లాడగా ఇంతవరకూ వినలేదు. పైగా ఆయన జనం వైపు చూడ్డం లేదు, ఎడమవైపు తెర వంక చూస్తున్నారు. సరే, పిల్ల ఎలా ఉందో చూద్దామని వెనక్కి పరిగెత్తితే గుమ్మంలో రమాదేవిగారు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"గజ్జెల పట్టీ ఊడింది, కుట్టేస్తున్నా. నువ్వొచ్చి కంగారుపెట్టకు, వెళ్ళు."

"అక్కడ అంకుల్ మైకు పట్టుకున్నారు ఆంటీ!"

"పట్టుకోనీవే," అన్నారావిడ, ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మనిషి నిబ్బరంతో.

నాలుగున్నర. మంచు తేలికని ఆయన రెండోసారి చెప్పారు. మల్లేశ్ లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. కృష్ణ మూర్తిగారు కూడా అతనికి చెయ్యి ఊపి, నీటి బొట్టు గుండ్రంగా ఎందుకుంటుందో చెప్పడం మొదలుపెట్టారు. నాలుగు నలభై. మంచు తేలికని మూడోసారి చెప్పారు. కేర్‌టేకర్ తలుపు దగ్గర తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. సాహితి స్టేజీ పక్కకెళ్ళి, "అంకుల్, ప్లీజ్, పాప డ్యాన్సు," అని దాదాపు ఏడ్చింది. ఆయన వినిపించుకోలేదు. ఆయన నుదుటి మీద చెమట, చేతిలో మైకు వణుకుతోంది. ఈయనకి ఇవాళేమయిందో సాహితికి ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

"నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు. ఆ బరువైన నీళ్ళు అడుక్కి చేరతాయి. మంచు పైన దుప్పటిలా కప్పుకుంటుంది. కాబట్టి ఆ చేపలు..." అని, తెర వంక చూసి, టక్కున ఆగిపోయారు. "అంతే. నమస్కారం."

మైకు సాహితి చేతిలో పెట్టి దిగిపోయారు.

హాలు హాలంతా నోరు తెరిచింది. ఆయన మాటలు వాక్యం మధ్యలో ఆగడం అంతవరకూ ఎవరూ చూడలేదు. అరగంట నుంచీ ఆయన్ని దిగమని సణిగిన జనమే ఇప్పుడు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఇంతకీ చేపలకేమయింది?" అని వెనకనుంచి ఒకాయన అడిగాడు.

అప్పుడు చరిత వచ్చింది. మొదటి అడుగు గోడ వైపు వేసింది, రెండోది జనం వైపు వేసింది. మధ్యలో రెండుచోట్ల మరిచిపోయి, రెండుచోట్లా ఆగి, మళ్ళీ అందుకుంది. నాలుగు యాభై ఆరుకి చేతులు జోడించి నిలబడి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. సాహితి ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. అయిదు కాగానే లైట్లారిపోయాయి.

కారు పార్కులో అందరూ సర్దుకుంటుంటే మల్లేశ్ ఆయన్ని పట్టుకున్నాడు. "గిదేంది అంకుల్? ఆ పోరి డ్యాన్సు జర్రలో పోతుండె! మీకు టైము సోయి ఉండదా?"

"తప్పయిపోయింది నాయనా. మైకు పట్టుకుంటే నాకు ఒళ్ళు తెలీదు."

సాహితి కూడా ఊరుకోలేదు. "మీ నీళ్ళ కోసం నా కూతురు స్టేజీ ఎక్కకుండా పోయేది అంకుల్. ఆ పిల్లకి ఇవాళ ఎంత ముఖ్యమో మీకు తెలియదు," అంది. గొంతు పెద్దదైంది, నలుగురూ విన్నారు.

"తప్పేనమ్మా," అన్నారాయన. అంతే. నీళ్ళ ఊసే ఎత్తకుండా ఆయన ఇచ్చిన మొట్టమొదటి సమాధానం అది. అది సాహితిని ఇంకా అయోమయంలో పడేసింది.

కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటుంటే చరిత వెనకనుంచి అడిగింది. "మమ్మీ, వై వర్ యూ గివింగ్ అవుట్ టు అంకుల్?"

"మరి ఆయన నీ టైమంతా తినేస్తే తిట్టనా?"

"బట్ దట్ వాజ్ ఫర్ మీ!"

ఆ తర్వాత చరిత చెప్పింది విని సాహితి కారు తాళం అలాగే పట్టుకుని ఉండిపోయింది. తన వంతు రాగానే పిల్ల తెర వెనక కుర్చీ కాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయిందట, నేను వెళ్ళనంటే వెళ్ళనని. రమాదేవి ఆంటీ గజ్జెలు కట్టడం ఎప్పుడో అయిపోయిందట. కృష్ణ మూర్తిగారొచ్చి నేల మీద పక్కనే కూర్చుని, "నో రష్" అన్నారట. నువ్వు బొటనవేలు ఎత్తి చూపించేదాకా నేను బయట మాట్లాడుతూ ఉంటాను, ఎంతసేపైనా సరే, అన్నారట.

"హి సెడ్ హి హాడ్ ఎనఫ్ వాటర్ టు లాస్ట్ టిల్ ట్యూస్‌డే," అంది చరిత. మళ్ళీ తనే, "హీ'జ్ స్కేర్డ్ ఆఫ్ ది స్టేజ్ టూ, మమ్మీ. హిజ్ హ్యాండ్స్ వర్ షేకింగ్. హి సెడ్ పీపుల్ మేక్ హిమ్ షై, సో హి జస్ట్ టాక్స్ అబౌట్ వాటర్."

సాహితికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మనుషులతో ఏం మాట్లాడాలో తెలియని ఒక మొహమాటస్తుడు, తనకి తెలిసిన ఆ ఒక్క విషయమే చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. కారు దిగి, మంచులో జారుకుంటూ పరిగెత్తింది. కృష్ణ మూర్తిగారు కారు అద్దం మీద మంచు గీకుతున్నారు.

"అంకుల్, నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా! అందరి ముందూ అన్ని మాటలన్నాను."

"చెబితే ఎలాగమ్మా? పిల్ల భయపడిందని హాలంతా తెలిసిపోదూ? నన్ను తిట్టడం వాళ్ళకి అలవాటే."

సాహితి రెండు చేతులూ జోడించింది. ఆయన ఇబ్బందిపడి, కారు అద్దాన్నీ, ఆకాశాన్నీ, తన బూట్లనీ చూసుకుని, చివరికి చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకుని దగ్గరికొచ్చారు.

"ఒక్క సాయం చెయ్యమ్మా. ఆ బొటనవేలి సంగతి మాత్రం మల్లేశ్‌కి చెప్పకు. నన్ను ఆపే ఉపాయం ఒకటుందని తెలిస్తే వచ్చే ఉగాదికి ముందు వరసలో కూర్చుని, నేను నోరు తెరవకముందే రెండు బొటనవేళ్ళూ ఎత్తేస్తాడు."