సీటు ఎత్తు

యాభై ఆరేళ్ళ వయసులో నాకు మోటార్ సైకిల్ పిచ్చి పట్టింది. మామూలు మోటార్ సైకిల్ కాదు. రాళ్ళ మీద, ఇసకలో, వాగుల్లో పోయేది, రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు బిగించుకుని లద్దాఖ్ దాకా వెళ్ళొచ్చేది. నేను మామూలుగా తిరిగే దూరమల్లా ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి నుంచి జూబ్లీ హిల్స్‌లో ఏ నిర్మాత పిలిస్తే ఆయన ఆఫీసు దాకా. అదీ కారులో, ఏసీ వేసుకుని. దారిలో స్పీడ్ బ్రేకర్లు తప్ప సాహసమేమీ ఉండదు.

నేను సినిమాలకి మాటలు రాస్తాను. ఇన్నేళ్ళలో రాసినవాటిలో జనానికి గుర్తున్నది ఒక్కటే సీను. వానలో, కాలవ గట్టు మీద, చూపు మందగించిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని ఒక కుర్రాడు మోటార్ సైకిల్ నడుపుతుంటాడు. తండ్రి భయపడుతుంటే అంటాడు: "దారి సంగతి నాకొదిలెయ్ నాన్నా. నువ్వు కూర్చో. ఇకనుంచి నీ కళ్ళు నేనే." ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేసేవాళ్ళు నా పేరు చెప్పరు, ఆ డైలాగ్ చెబుతారు. అది ఎలా తట్టిందని ఇంటర్వ్యూల్లో అడిగితే నేను కాసేపు పైకప్పు వంక చూసి, "అలా వచ్చేసిందండీ" అంటాను.

ఆమధ్య ఊళ్ళు తిరిగే బైకర్ల సంఘం ఒకటి ఆ డైలాగ్ కోసమే నాకు శాలువా కప్పింది. "సార్, మీరు ఏయే రూట్లు తిరిగారు?" అని అడిగారు. గేర్ల బండి కాలేజీ రోజుల్లో నాలుగు నెలలు నడిపిన నేను, "చాలానే" అన్నాను. శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కారులో ఇంటికొస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ డైలాగ్ రాసిన మనిషిలా ఒక్కసారైనా ఉండాలి. అందుకు బండి కొనాలి. నా తర్కం ఇంతే, ఇంతకంటే తెలివైనది నా దగ్గర లేదు.

మిగిలింది మా ఆవిడని ఒప్పించడం. ఆమె బంజారా హిల్స్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు. మా వృత్తిలో కథని కాగితం మీద ఎవరూ చదవరు. ఎదురుగా కూర్చుని, నటిస్తూ, నిర్మాత ఫోన్ చూసుకుంటున్నా చూడనట్టు చెప్పుకుపోవాలి. దాన్ని నేరేషన్ అంటాం. మా ఆవిడకీ అదే చేశాను. ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, తెల్లవారుజామున పొగమంచు దగ్గర మొదలుపెట్టాను. ఇంజన్ చప్పుడు నోటితోనే చేశాను. మంచు కొండ మీద ఒంటరి రైడర్, ఫోన్‌కి సిగ్నల్ పోవడం, ఇంటర్వెల్.

"అయిపోయిందా?" అంది.

"సెకండాఫ్ ఉంది."

"అందులో నేనున్నానా?"

ఇరవై ఏళ్ళుగా నిర్మాతల ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పినవాణ్ణి. "ఫోన్లో ఉంటావు" అన్నాను.

"సిగ్నల్ పోయిందన్నారుగా." ఇంకో కాయ తీసుకుని, "సరే గానీ, సీటు ఎత్తెంత?" అని అడిగింది.

అదొక్కటీ అడగదనుకున్నాను. మా ఆవిడ నాకంటే మూడంగుళాలు పొడుగు. పెళ్ళి ఫోటోలో ఇద్దరం సమానంగా కనిపిస్తాం. ఎందుకంటే ఫోటోగ్రాఫర్ చర్చిలోంచి పాటల పుస్తకాల పెట్టె తెచ్చి నా కాళ్ళ కింద వేశాడు. తర్వాత్తర్వాత షూటింగుల్లో పొట్టి హీరోల కాళ్ళ కింద చెక్కపెట్టెలు వేయడం చూసి అందరూ చాటుగా నవ్వుకునేవాళ్ళు. నేను మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

రెండో శనివారం ఆమెకి సెలవు. ఇద్దరం జూబ్లీ హిల్స్‌లోని షోరూమ్‌కి వెళ్ళాం. సేల్స్ అతను నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"సార్, గా కాలవ గట్టు డైలాగ్ మీరే రాసిండ్రు గదా! మా ఇంట్ల అందరికీ నోటికొస్తది."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ రెండంగుళాలూ కాళ్ళలో పెరిగి ఉంటే బాగుండేది. బండిని ముందరి ఆవరణలోకి తెచ్చి స్టాండ్ తీశాడు. ఎక్కి కూర్చున్నాను. ఎడమ కాలి బొటనవేలు నేలకి తగిలింది. కుడి కాలు గాల్లో ఉంది. కుడి కాలు దించితే ఎడమది లేస్తోంది. అలా రెండుసార్లు ఊగాను. సేల్స్ అతను ధైర్యం చెప్పి, బండిని పట్టుకున్న చెయ్యి వదిలాడు.

పడిపోయాననడం అన్యాయం. ఇంజన్ కూడా స్టార్ట్ చెయ్యలేదు. బండి చాలా నెమ్మదిగా, మర్యాదగా కుడివైపుకి ఒరిగింది, నేనూ దానితో పాటు ఒరిగాను.

"ఫికర్ చేయకుండ్రి సార్, పక్కల లెగ్ గార్డున్నది, బండికేం గాలే" అన్నాడతను. నాకేమైందని ఎవరూ అడగలేదు.

మా ఆవిడ వచ్చి తన హ్యాండ్‌బ్యాగ్ నా చేతికిచ్చింది. చున్నీ నడుముకి బిగించి, బండికి వీపు ఆనించి, మోకాళ్ళ మీద వంగి, ఒక్క ఊపున లేపింది. సేల్స్ అతను సాయం పట్టేలోపే బండి నిలబడింది. "నేనొకసారి నడిపి చూడొచ్చా?" అంది.

"లైసెన్సున్నదా మేడమ్?"

నా చేతిలో ఉన్న బ్యాగ్ జిప్పు తీసి, కార్డు తీసి ఇచ్చింది. గేర్ల మోటార్ సైకిల్‌కి ఇచ్చిన లైసెన్సు. పోయిన ఏడాదే రెన్యువల్ చేయించుకుంది. గడువు తీరినప్పుడల్లా చేయించుకుంటూనే ఉందట. మా ఇంట్లో ఆమె నడిపే బండేదీ లేదు. ఇన్నేళ్ళూ అది ఎందుకు దాచుకుందో నేనెప్పుడూ అడగలేదు, ఎందుకంటే అది ఉందనే నాకు తెలియదు.

తెలియకపోవడం కూడా అబద్ధమే. మా మామగారు గోదావరి వైపు పాస్టరు. ఊరూరా ప్రార్థన కూటాలకి మోటార్ సైకిల్ మీద వెళ్ళేవారు. ఆయన చూపు తగ్గాక, ఇంటర్ చదువుతున్న కూతురే నడపడం నేర్చుకుని, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని కాలవ గట్ల మీద తిప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆమే నాకు చెప్పింది. పదేళ్ళ తర్వాత సినిమాలో అది సీనైంది. అమ్మాయి కుర్రాడయ్యాడు. అమ్మాయి బండి నడిపితే జనం నమ్మరని స్టోరీ సిట్టింగ్‌లో అన్నది డైరెక్టరు కాదు, నేనే. ప్రివ్యూ చూసి బయటికొచ్చి మా ఆవిడ ఒకే మాట అంది, "వాన బాగా తీశారండీ" అని. నేను కెమెరామాన్‌ని పొగిడిందనుకున్నాను.

హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. "రండి" అంది. వెనకెక్కడానికి సేల్స్ అతను నాకు చిన్న స్టూలు వేశాడు. హ్యాండ్‌బ్యాగ్ భుజాన తగిలించుకుని కూర్చున్నాను.

మొదటి మలుపు దాకా బండి కొంచెం తడబడింది. తర్వాత ఆమె వీపు తేలికపడటం నాకు తెలిసింది. చెక్ పోస్ట్ వైపు ఎత్తు ఎక్కుతుంటే నేను మాత్రం ఊరుకోలేదు. "ఆటో! ఎడమ పక్క ఆటో! ముందు బస్సాగింది!"

"నాకు కనిపిస్తోంది. మీరు కూర్చోండి" అంది.

అసలు డైలాగ్ అదే. వాళ్ళ నాన్నగారితో అన్నది అంతే, నాకు చెప్పిందీ అంతే. కళ్ళూ గిళ్ళూ నేను తగిలించినవి. మెరుగుపెట్టాననుకున్నాను. ఆ బండి మీద వింటుంటే తగిలించిందంతా ఎంత దండగో అర్థమైంది. ఆమెకి సినిమా గుర్తుకొచ్చి అన్నది కాదు, ఎదర బస్సుంది కాబట్టి అంది. నాకు సిగ్గేసింది. సంతోషమూ వేసింది, అంత బాగా నడుపుతోంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి సేల్స్ అతను ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "సార్, గా డైలాగ్ జర మీ గొంతుతోని ఒక్కపారి చెప్పుండ్రి. మా ఇంట్ల చూపిస్త."

స్టూలు మీదుగా కిందికి దిగాను. వీడియో తీస్తున్నాడని ఎర్ర చుక్క కనిపిస్తోంది. పైకప్పు వంక చూద్దామంటే ఆవరణకి పైకప్పు లేదు.

"అది నాది కాదు" అన్నాను. "మేడమ్‌ది. ఆ బండి నడిపిందీ ఆవిడే, ఆ మాటన్నదీ ఆవిడే. నేను మధ్యలో కుర్రాణ్ణి పెట్టి, నా పేరు వేసుకున్నాను."

అతను ఫోన్ దించి ఆశ్చర్యంగా చూశాడు. "మేడమ్ గూడ రైటరా సార్?"

"కాదు. లెక్కల టీచరు."

మా ఆవిడ హెల్మెట్ తీయబోతూ ఆగి, నా వంక చాలాసేపు చూసింది. నేను భుజాన ఉన్న ఆమె హ్యాండ్‌బ్యాగ్ సర్దుకున్నాను. హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టు సర్దుకుని, సేల్స్ అతని వైపు తిరిగింది.

"ఇందులో ఎరుపు ఉందా?" అని అడిగింది.

నేను నలుపనుకున్నాను. నన్నెవరూ అడగలేదు.