సముద్రం ఒడ్డున అడ్డంగా పడుకున్నందుకు

మా అక్క నందిగామలో ఒక ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరు. నేను జగ్గయ్యపేటలో తెలుగు చెబుతాను. అక్క నాకంటే పెద్దదే అయినా, ఇద్దరినీ పక్కపక్కన చూసినవాళ్ళు నేనే పెద్దదాన్ననుకునేవాళ్ళు. పొద్దున్నే గ్రౌండులో పిల్లలతో పాటు తనూ పరుగెత్తేది. ఖోఖోలో తన పిల్లలు గెలిచి వస్తే ఆ వారమంతా ఫోనులో నాకు ఆ ఆట తప్ప ఇంకో కబురు ఉండేది కాదు.

ఆ కార్తీకంలో సముద్ర స్నానానికని బందరు వైపు వెళ్ళాం. నేనూ మా ఆయనా, అక్కా బావా. మేం మెట్ట ప్రాంతం వాళ్ళం. మునేరు తెలుసు, కృష్ణ తెలుసు, సముద్రం మాత్రం ఎప్పుడో ఒకసారి చూసొచ్చే చుట్టం లాంటిది. స్నానాలయ్యాయి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మగవాళ్ళిద్దరూ కొబ్బరిబోండాల కోసం రోడ్డు మీదికి వెళ్ళారు. అక్క చున్నీ మొహం మీద కప్పుకుని ఇసుకలో వెల్లకిలా పడుకుంది. నేను కాస్త దూరంలో తడిబట్టలు పిండుతున్నాను.

అప్పటికే ఒక నల్లటి జీపు, పైకప్పు తీసేసి, ఒడ్డు పొడవునా గిరికీలు కొడుతోంది. ఒకడు నడుపుతున్నాడు, ఇంకొకడు వెనక నిలబడి ఫోనులో తీస్తున్నాడు. ఒక ముసలాయన "బాబూ, పిల్లలున్నారు" అని చెయ్యి ఊపాడు. వాళ్ళు నవ్వుతూ ఆయనకి తిరిగి చెయ్యి ఊపారు.

ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు అవతల ఏముందో నడిపేవాడికి కనిపించదు. ఆ దిబ్బకి ఇవతల మా అక్క ఉంది. ముందు చక్రం ఆమె ఎడమ చీలమండ మీదుగా ఎక్కి దిగింది. అక్క అరవలేదు. లేచి కూర్చుని, ఎవరో పిలిచినట్టు చుట్టూ చూసింది. తర్వాత కాలు చూసుకుంది.

వాడు బండి దిగాడు. దిగబడిందేమోనని ముందు చక్రం చూశాడు. ఆ తర్వాతే మా వైపు చూశాడు.

"బీచ్‌లో బళ్ళు తిరుగుతాయని తెలీదా అండీ? అట్టా అడ్డంగా పడుకుంటారా ఎవరన్నా?"

అప్పటికే పరుగెత్తుకొచ్చి నేను అక్క తలని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను.

"మెత్తటి ఇసుకేగా, ఏం కాదులే. పదరా," అని వెనకవాడితో అని, బండెక్కి వెళ్ళిపోయాడు.

జీపు వెనక వేలాడే టైరు తొడుగు మీద తెల్లటి అక్షరాలతో నందిగామలో ఒక ఎరువుల కొట్టు పేరు ఉంది. సముద్రం దాకా వచ్చి మా అక్క కాలు తొక్కినవాడు మా వైపువాడే.

అంబులెన్సు రోడ్డు మీదే ఆగిపోయింది. ఇసుకలోకి రాలేదు. అక్కడి జాలర్లు పడవలు లాగే ట్రాక్టరు తెచ్చి, దాని వెనక ట్రక్కులో వలలు పరిచి అక్కని పడుకోబెట్టారు. ఒకతను ముందు నడుస్తూ జనాన్ని తప్పిస్తుంటే ట్రాక్టరు అతని వెనకే, అతని నడకతోనే కదిలింది. బీచ్‌లోకి అసలు బండే రాకూడదని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ ట్రాక్టరు గుర్తొస్తుంది. పని కోసం మెల్లగా పోయే బండి వేరు, జనం మధ్య సరదాకి గిరికీలు కొట్టే బండి వేరు. ఆ తేడా కాగితం మీద రాయడం కష్టమేమో గానీ కంటికి తెలియడం కష్టం కాదు.

బెజవాడలో ఆపరేషన్లు జరిగాయి. కాలు నిలిచింది. చీలమండ మాత్రం బిగుసుకుపోయింది. "నడుస్తారు. పరుగు సంగతి మర్చిపోండి," అన్నాడు డాక్టరు. స్కూలువాళ్ళు అక్కకి లైబ్రరీ గది అప్పగించారు. ఆ గది కిటికీ గ్రౌండు వైపే ఉంది. అక్క కుర్చీని గోడ వైపు తిప్పుకుంది.

కేసు పెట్టాం. వాడి తండ్రి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని, బత్తాయిలు పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"కుర్రాడమ్మా, తెలియక జరిగిపోయింది. కేసంటే వాడి జీవితం పాడవుద్ది."

కుర్రాడికి ముప్పై దగ్గరపడుతున్నాయి. ఆ కుర్రాడు లోపలికి రాలేదు. కిటికీలోంచి చూశాను. వీధిలో కారులో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

అక్క రాజీకి ఒప్పుకుంది. "వదిలెయ్యవే. ఈ కాలేసుకుని నేను కోర్టుల చుట్టూ తిరగలేను," అంది. ఆమె కాలు, ఆమె ఇష్టం. నా కోపం మాత్రం నాది. దాన్ని రాజీలో కలపలేదు.

ఆదివారం వస్తే బస్సెక్కి చిల్లకల్లు మీదుగా అక్కని చూడ్డానికి వెళ్ళేదాన్ని. బస్టాండు నుంచి దగ్గరి దారి ఉన్నా, చుట్టూ తిరిగి ఆ ఎరువుల కొట్టు ముందు నుంచే నడిచేదాన్ని. జీపు అక్కడే ఉండేది, శుభ్రంగా కడిగి, మెరుస్తూ. దాని పెట్రోలు ట్యాంకులో దోసిళ్ళతో ఇసుక పోస్తున్నట్టు, అది నడి హైవేలో దగ్గి దగ్గి ఆగిపోయినట్టు ఊహించుకునేదాన్ని. "ఇట్టా ఉడికిపోతే నీకు బీపీ వస్తది," అనేవాడు మా ఆయన. బీపీ కూడా వచ్చింది.

రెండేళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం రెడ్డిగూడెం వైపు నుంచి భార్యాభర్తలు మా ఇంటికి వచ్చారు. మామిడి తోటలున్నవాళ్ళు, మా స్కూల్లో లెక్కల టీచరుకి బంధువులు. నందిగామవాళ్ళ సంగతి నాకు తెలుస్తుందని ఆమే పంపింది. వాళ్ళ అమ్మాయికి ఒక సంబంధం దాదాపు ఖాయమైందట. మాట ఇచ్చేముందు వాకబు చేసుకుందామని వచ్చారు. కొట్టు పేరు చెప్పారు.

నేను లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాను. కాఫీ కలిపి ఇచ్చాను. కూర్చున్నాను.

"అబ్బాయి ఎట్టాంటోడండీ? అలవాట్లవీ ఏమన్నా..." అని తల్లి అడిగింది.

"అలవాట్ల సంగతి నాకు తెలీదండీ. తాగుతాడని గానీ, తిరుగుతాడని గానీ నేను వినలా. నేను చూసింది ఒక్కటే ఉంది. అది చెప్తా."

చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ముసలాయనకి చెయ్యి ఊపడం, చక్రం చూడడం, మెత్తటి ఇసుక, బత్తాయిలు, కారులో ఫోను, అన్నీ. రెండేళ్ళుగా మనసులో ఎన్నోసార్లు చెప్పుకున్నదే కాబట్టి ఎక్కడా తడబడలేదు. చెబుతున్నంతసేపూ ఎంత హాయిగా ఉందో.

తండ్రి కాస్త నెమ్మదస్తుడు. "యాక్సిడెంటు ఎవరికైనా అవుద్ది కదమ్మా," అన్నాడు.

"అవుద్దండి. నేను యాక్సిడెంటు గురించి చెప్పట్లా. ఆ తర్వాత సంగతి చెప్తన్నా. రేపు మీ అమ్మాయి కింద పడితే ఆ మనిషి ముందు ఏం చూస్తాడో అది చెప్తన్నా."

తల్లి సగం తాగిన కాఫీ కింద పెట్టి భర్త వైపు చూసింది.

మర్నాడు ఆ అమ్మాయే ఫోను చేసింది. "టీచర్ గారూ, ఒక్కటే అడుగుతా. ఆ తర్వాతన్నా వచ్చి ఆవిడని పలకరించాడా అండీ?"

"లేదమ్మా. వాళ్ళ వీధి దాకా వచ్చాడు. లోపలికి రాలేదు."

"సరేనండి," అని పెట్టేసింది. ఆ సంబంధం అంతటితో ఆగిపోయింది.

వారం తిరక్కుండానే వాడు మా స్కూలు గేటు దగ్గరికి వచ్చాడు. పిల్లలంతా వెళ్ళిపోయేదాకా చెట్టు కింద ఆగి, అప్పుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మీరేనా మా సంబంధం చెడగొట్టింది?"

"అబద్ధం ఏమన్నా చెప్పానా?"

"రాజీ అయిపోయింది కదా మేడం! మళ్ళీ తవ్వటం ఎందుకు?"

"రాజీ అయింది మా అక్క. నేను కాలా."

"ఊళ్ళో తలెత్తుకోలేకపోతన్నా. కనపడ్డోళ్ళందరూ అదే అడుగుతన్నారు."

"మా అక్కనీ అదే అడిగారు బాబూ. బీచ్‌లో అడ్డంగా ఎందుకు పడుకున్నావని."

ఆ మాట ఎవరిదో వాడికి గుర్తుంది. మొహంలో రంగు మారింది. గొంతు తగ్గించి, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"నన్నడుగుతావేం? ఆమె ఇల్లు మీ కొట్టు వెనక వీధేగా."

వెళ్తాడనుకోలేదు. వెళ్ళాడు. ఆ సంగతి నాకు అక్క ఫోను చేసి తిడితే తెలిసింది.

"నీకు వేరే పనేం లేదటే! ఆ పిల్లాడు వచ్చి కూర్చుని ఏడ్చాడు. నాకేం చెయ్యాలో తోచలా. కాఫీ ఇచ్చి పంపా."

"కాఫీ కూడానా?"

"ఇంటికొచ్చినోడికి ఇంకేమిస్తారే? నా పేరు చెప్పి పెళ్ళి చెడగొడతావా? నేనడిగానా నిన్ను?"

"ఆ అమ్మాయిని కాపాడా."

"నువ్వు కాపాడుకుంది నీ పంతాన్ని," అని ఫోను పెట్టేసింది. చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

అక్క మాట తప్పని నేను అనను. కానీ ఆమె తిట్టిన తిట్లన్నీ మర్చిపోయాను, వాడు ఏడ్చాడన్న ఒక్క మాట మాత్రం పట్టుకున్నాను. వంట చేస్తూ, పేపర్లు దిద్దుతూ ఆ మాటని మళ్ళీ మళ్ళీ నోట్లో బెల్లం ముక్కలా చప్పరించాను. పిల్లలకి బుద్ధులు చెప్పే టీచరుకి అలా అనిపించకూడదంటారు. అనిపించింది.

మరుసటి కార్తీకంలో అక్కే నోరు విప్పి, సముద్రానికి పోదామంది. ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి నీళ్ళ అంచున వేశాం. బిగుసుకుపోయిన కాలు మీద అల వచ్చిపోతుంటే అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. అంతలో దూరంగా ఇంజను చప్పుడు. ఈసారి ఎర్ర జీపు. నిండా కుర్రాళ్ళు, చెవులు పగిలే పాటలు.

నేను చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని నేరుగా దానికి ఎదురెళ్ళి నిలబడ్డాను. హారను కొట్టారు.

"జరగండి ఆంటీ!"

"జరగను. ఇది మనుషులు తిరిగే చోటు. రోడ్డు అటుంది."

మళ్ళీ హారను కొట్టారు. ఈలోగా మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర పట్టుకునే వచ్చి నా పక్కన నిలబడింది. ఆ తర్వాత పిల్లల్ని తెచ్చుకున్న ఒక జంట వచ్చింది. జీపు కాసేపు గుర్రుమని, వెనక్కి తిరిగి రోడ్డెక్కింది. ఆ రోజు సాయంత్రం దాకా ఇంకో జీపు రాలేదు. మర్నాడు వచ్చే ఉంటుంది.

ఆ ఎరువుల కొట్టువాడికి ఈమధ్య పెళ్ళయింది. గుంటూరు వైపు సంబంధమట. వాళ్ళెవరూ వాకబుకి నా దగ్గరికి రాలేదు. వచ్చి ఉంటే, కాఫీ ఇచ్చి, అదంతా మళ్ళీ చెప్పేదాన్ని.